మీరు ఇంట్లో ఉండేది ఏ పూట?

(కాకినాడలో మొక్కలు పెంచుకునేవాళ్ళ ఆదివారం కలయికలో ఒక రిటైర్డ్ సైన్సు టీచరుగారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను కింద ఉన్నవాళ్ళకి? సరే.

మాటలు మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. ఈ కుండీ ముందు వరసలోంచి అలా చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. జాగ్రత్త తల్లీ, కాడ విరుగుతుంది. తెల్లటి పువ్వు, చుట్టూ సన్నటి ఆకుపచ్చ రేకులు, మధ్యలో హృదయం ఆకారంలో ఒక తెల్లటి రేకు. దాన్ని పెదవి అంటాం. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. వాసన వస్తోందా? రావట్లేదా? గట్టిగా పీల్చండి. అయినా రావట్లేదు కదా. సరే, చివరిదాకా వెళ్ళాక ఆ కిటికీ పక్కన పెట్టెయ్యండి. దాని సంగతి మళ్ళీ చెప్తాను.

దీని పేరు బ్రసావోలా నోడోసా, ఒక ఆర్కిడ్. నేను మొదటిసారి దీన్ని కొన్నది వాసన కోసమే. కొన్న రెండో ఏడు పూసింది. రోజూ పొద్దున వంట అయ్యాక, పదింటికి, కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి వాసన చూసేదాన్ని. ఏమీ లేదు. వారం రోజులు చూశాను. ఏమీ లేదు. మోసపోయాననుకుని మా వదినగారికి ఇచ్చేశాను. ఆవిడకి ఏ మొక్కయినా ఇష్టమే. మర్నాడు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. "ఏమ్మా, దీని మీద సెంటేమైనా కొట్టి పంపించావా? హాలంతా నిమ్మపండు చెక్కినట్టుంది" అంటారావిడ. నేను నమ్మలేదు. ఆ రాత్రే ఆటో ఎక్కి వెళ్ళి చూశాను. గుమ్మంలోనే తెలిసిపోయింది.

ఇప్పుడు చెప్పండి, తప్పు మొక్కదా, నాదా? అది రాత్రిపూట వాసనిచ్చే పువ్వు. నేను పొద్దున పదింటికి పరీక్ష పెట్టాను. రాత్రయితే మా ఇంట్లో తలుపులు బిగించి, ఏసీ వేసి, టీవీ ముందు కూర్చుంటాం. పాపం అది బాల్కనీలో ఒక్కతే, ఎవరూ లేనిచోట, రాత్రంతా వాసన పోస్తూ ఉంది.

అందుకే ఈరోజు నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఇంట్లో పెంచుకోవడానికి వాసన ఉన్న ఆర్కిడ్ కావాలంటే, "ఏది బాగా వాసనొస్తుంది?" అని అడక్కండి. "నేను ఇంట్లో ఉండేది ఏ పూట? ఆ పూట వాసనిచ్చేది ఏది? అది మా ఊరి వేడికి బతుకుతుందా?" అని అడగండి. ఈ మూడూ అడిగితే సగం పని అయిపోయినట్టే.

అసలు పువ్వుకి వాసన ఎందుకు? మన కోసం కాదు కదా. మల్లె మన జడ కోసం పూస్తుందని మనం అనుకుంటాం, మల్లె అనుకోదు. పువ్వు వాసన పురుగుకి పిలుపు. తేనెటీగ పగలు తిరుగుతుంది, దాన్ని పిలవాల్సిన పువ్వు పగలు వాసనిస్తుంది. రెక్కల పురుగు, అదే, దీపం చుట్టూ తిరిగే మాత్ ఉంటుందే, అది రాత్రి తిరుగుతుంది. దాన్ని పిలవాల్సిన పువ్వు రాత్రి వాసనిస్తుంది. చీకట్లో తెలుపు బాగా కనపడుతుంది కాబట్టి ఆ పువ్వులు ఎక్కువగా తెల్లగా ఉంటాయి. పారిజాతం, మల్లె, సన్నజాజి, నైట్ క్వీన్... ఇవన్నీ మనకి తెలిసినవే. ఏ వేళకి ఏది విచ్చుతుందో మన అమ్మమ్మలకి గడియారం చూడకుండా తెలుసు. ఆర్కిడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం ఫోటో చూసి కొంటున్నాం.

డార్విన్ కథ ఒకటి చెప్తాను, మా క్లాసులో పిల్లలకి చెప్పిన కథే. మడగాస్కర్‌లో ఒక తెల్లటి ఆర్కిడ్ ఉంది, ఆంగ్రేకం సెస్క్విపెడేల్. దాని పువ్వు వెనక అడుగు పొడవు సన్నటి గొట్టం, తేనె ఆ గొట్టం అడుగున. 1862లో డార్విన్ ఏమన్నాడంటే, అంత పొడుగు నాలుక ఉన్న మాత్ ఒకటి ఆ దీవిలో ఉండి తీరాలి అన్నాడు. అప్పటికి దాన్ని ఎవరూ చూడలేదు. డార్విన్ 1882లో పోయాడు. ఆ మాత్‌కి 1903లో గానీ శాస్త్రవేత్తలు పేరు పెట్టలేదు. ఆ పువ్వు కూడా రాత్రే వాసనిస్తుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇంకో సంగతి. ఆర్కిడ్ అంటే అన్నిటికీ వాసన ఉంటుందనుకోకండి. ప్రపంచంలో 25,000 పైచిలుకు జాతులున్నాయి. మన దేశంలోనే 1,200కి పైగా ఉన్నాయి. అందులో వాసన లేనివి ఉన్నాయి, మంచి వాసనవి ఉన్నాయి, కుళ్ళిన మాంసం కంపు కొట్టేవి కూడా ఉన్నాయి. నవ్వకండి, నిజం. బల్బోఫిల్లం అని ఆర్కిడ్లలో ఒక పెద్ద గుంపు. అందులో కొన్ని ఈగల్ని పిలుస్తాయి. ఈగల్ని పిలవాలంటే మరి ఆ వాసనే కావాలి. పేరు తెలియకుండా కొని హాల్లో పెట్టుకుంటే, చుట్టాలు ఎలక చచ్చిందేమో చూడమంటారు.

మరి మనకి నర్సరీల్లో ఎక్కువగా కనపడేవి ఏవి? కడియపులంక వెళ్తాం, ఆ తెల్లటి, ఊదా రంగు పెద్ద పెద్ద ఫెలనాప్సిస్‌లు చూసి ఆగిపోతాం. సీతాకోక చిలకలు వరసగా వాలినట్టుంటాయి. పెళ్ళి మంటపాలకి వాడే ఊదా రంగు డెండ్రోబియంలు చూస్తాం. ఈ రెండిట్లో ఎక్కువ వాటికి వాసన ఉండదు, ఉన్నా లేనట్టే. ఎందుకంటే వాటిని తయారుచేసినవాళ్ళు పువ్వు సైజు చూశారు, రంగు చూశారు, ఎన్నాళ్ళు వాడకుండా ఉంటుందో చూశారు. వాసన చూడలేదు. తరాలు తరాలుగా అలా ఎంచుకుంటూ పోతే వాసన దారిలో ఎక్కడో జారిపోయింది. కొనొద్దని నేననట్లేదు. కనకాంబరానికి వాసనుందా? అయినా మల్లెతో కలిపి కట్టుకుంటాం కదా. కానీ కనకాంబరం కొని, వాసన రాలేదని బాధపడకూడదు. అంతే.

ఇక వేడి సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. ఊటీ వెళ్ళినప్పుడు సింబీడియం అనే ఆర్కిడ్ కొన్నాను. అక్కడ ప్రతి ఇంటి గుమ్మంలో గుత్తులు గుత్తులుగా ఉంది. ఇక్కడికి తెచ్చాను. ఆకులు ఎంత బాగా వచ్చాయో! నాలుగేళ్ళు గడ్డిదుబ్బులాగా ఏపుగా పెరిగింది. ఒక్క పువ్వు లేదు. ఆ కొండజాతి సింబీడియాలకి రాత్రి చలి తగిలితేనే మొగ్గ వేయాలన్న కబురు అందుతుంది. కాకినాడలో ఆ చలి ఎక్కణ్ణించి తేను? డెండ్రోబియం నోబిల్ కూడా అంతే. చలికాలంలో చల్లగా, పొడిగా ఉంచకపోతే పువ్వు రావాల్సిన కణుపు దగ్గర పిలక వస్తుంది. మొక్కలు పెరుగుతాయి, పువ్వులు మాత్రం ఉండవు. అరకులో ఉన్నవాళ్ళు పెంచుకోండి, మీ అదృష్టం. మనకి వద్దు.

వేడి అంటే పగటి వేడి కాదండీ, రాత్రి వేడి. అది గుర్తుపెట్టుకోండి. మన దగ్గర మే నెల పగలు 40 దగ్గరికి పోతుంది. ఎండ తగలకుండా, గాలి ఆడేటట్టు ఉంచితే చాలా ఆర్కిడ్లు ఎలాగో గట్టెక్కుతాయి. రాత్రి కూడా ఉక్కపోత పోయి చల్లబడకపోతే కొండజాతులు చిక్కిపోతాయి. మరి మన ఉక్కపోత ఎవరికైనా ఇష్టమా? ఇష్టమే! సముద్రం ఒడ్డున, వేడి దేశాల్లో పుట్టినవాటికి మన కాకినాడ పుట్టిల్లు లాంటిది. గాల్లో తేమ కావాలి వాటికి. హైదరాబాదులో మా అమ్మాయి తడి గులకరాళ్ళ పళ్ళెం కిందపెట్టి నానా తంటాలు పడుతుంది. మనకి ఆ తేమ ఉచితం. ఇన్నాళ్ళూ తిట్టుకున్న ఉక్కపోత ఒకందుకు పనికొస్తోంది.

ఇప్పుడు మొక్కల దగ్గరికి వద్దాం. అన్నీ చెప్పను. నేను పెంచినవి, మన ఊళ్ళో పూసినవి చెప్తాను.

పగలు ఇంట్లో ఉండేవాళ్ళు ఎవరు? చేతులెత్తండి. మీకు నా మొదటి ఓటు ఫెలనాప్సిస్ బెల్లీనా. ఇందాక ఫెలనాప్సిస్‌కి వాసన లేదన్నాను కదా, ఇదేమిటి అంటారేమో. అది హైబ్రిడ్, అంటే జాతుల్ని కలిపి తయారుచేసినవాటి సంగతి. ఇది బోర్నియో అడవి జాతి. 1995 దాకా దీన్ని వయోలేసియా అనే ఇంకో జాతిలో కలిపి చూసేవాళ్ళు, అప్పుడు విడదీసి వేరే పేరు ఇచ్చారు. ఆకులు వెడల్పుగా, మెరుస్తూ, అరచెయ్యంత ఉంటాయి. పువ్వు చిన్నదే. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, కింద రెండు రేకుల లోపలి సగం ముదురు గులాబీ. వాసన మాత్రం... ఎలా చెప్పను? నిమ్మగడ్డి నలిపి, పక్కన గులాబీ పెట్టినట్టుంటుంది. ఇది ఊహ కాదండీ. దాని వాసనలో జెరానియాల్, లినలూల్ అనే పదార్థాలున్నాయి. జెరానియాల్ గులాబీలోనూ ఉంది, నిమ్మగడ్డి జాతుల్లోనూ ఉంది. మన ముక్కు సరిగ్గానే చెప్తోంది.

ఇది ఇంట్లోకి ఎందుకు మంచిదంటే, మొదటిది, ఎండ అక్కర్లేదు. తూర్పు కిటికీ దగ్గర పల్చటి కర్టెన్ వెనక పెట్టండి, చాలు. రెండోది, దీనికి చలి కబురు అక్కర్లేదు. ఆ తెల్లటి పెద్ద ఫెలనాప్సిస్‌లు ఉన్నాయి చూశారూ, వాటికి కొన్ని వారాలపాటు ఉష్ణోగ్రత 25 కిందకి దిగితే గానీ పూకాడ రాదు. అందుకే మన ఊళ్ళో అవి డిసెంబరు, జనవరి చలికి కాడ తీస్తాయి. ఆ చలి సరిగ్గా పడని ఏడు అసలు తీయవు. బెల్లీనాకి ఆ గొడవ లేదు, వేసవిలోనే పూస్తుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. పువ్వు రాలాక దాని కాడ కత్తిరించకండి! మామూలు ఫెలనాప్సిస్‌లాగా ఒకేసారి పది పువ్వులు పూయదు ఇది. ఒకటి, రెండు, మళ్ళీ కొన్నాళ్ళకి ఒకటి. అదే కాడ మీద నెలల తరబడి పూస్తుంది, మరుసటి ఏడు కూడా పూస్తుంది. మా ఎదురింటావిడ శుభ్రం అని కత్తిరించేశారు. ఇవాళ వచ్చారా? వచ్చారు. క్షమించండి, పేరు చెప్పలేదు కదా.

రెండోది, పొద్దున కాఫీ వేళ ఇంట్లో ఉండి, తర్వాత ఆఫీసుకి వెళ్ళిపోయేవాళ్ళకి. ఆన్సీడియం షారీ బేబీ. 1983లో రిజిస్టరైన హైబ్రిడ్ ఇది. పొడుగాటి కొమ్మల కాడ మీద చిన్న చిన్న పువ్వులు, ఎర్ర గోధుమ రంగూ తెలుపూ కలిసి. వాసన చాక్లెట్. పిల్లలకి చూపిస్తే తినేస్తారేమోనని భయమేస్తుంది. పొద్దున ఎక్కువగా వస్తుంది, సాయంత్రానికి తగ్గిపోతుంది. దీని కష్టం ఏమిటంటే నీళ్ళు. నీళ్ళు తక్కువైతే కొత్త ఆకు నిలువుగా రాకుండా హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా వస్తుంది. ఒకసారి మడత పడిందంటే ఇక విప్పుకోదు, ఆ ఆకు రాలేదాకా మీ బద్ధకం అందరికీ కనపడుతుంది. ఉప్పునీళ్ళకి ఆకు చివర్లు మాడతాయి. బోరు నీళ్ళు పోసేవాళ్ళకి ఇది వద్దు.

మూడోది కొబ్బరి వాసన. మాక్సిలేరియా టెన్యుఫోలియా. మెక్సికో వైపుది. సన్నటి గడ్డిలాంటి ఆకులు, మధ్యలో ఎక్కడో దాక్కుని ముదురు ఎరుపు పువ్వులు. పువ్వు కనపడే ముందే వాసన తెలుస్తుంది, అచ్చం కొబ్బరి లౌజు వండుతున్నట్టు. కోనసీమ నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు. అవునండీ, కొబ్బరి వాసన కోసం మీరు ఆర్కిడ్ కొనక్కర్లేదు. కానీ అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో దీన్ని పెట్టుకున్నాడు. "అమ్మా, ఇది పూసినప్పుడల్లా అంబాజీపేట బస్టాండు గుర్తొస్తుంది" అంటాడు. మొరటు మొక్క. కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు ఉద్యోగస్తులు, సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరేవాళ్ళు. ఇక్కడ ఎక్కువమంది మీరే. మీకు ఇందాకటి బ్రసావోలా నోడోసా. ఇది మధ్య అమెరికా వైపుది. అక్కడ ఇది ఎక్కడ పెరుగుతుందో తెలుసా? సముద్రం ఒడ్డున, మడ చెట్ల మీద కూడా! మన కోరంగి మడ అడవి గుర్తొచ్చిందా? ఆ గాలి, ఆ ఉప్పు తేమ, ఆ వేడి... దానికి అలవాటే. అందుకే మన ఊళ్ళో ఇది అత్తారింటికి వచ్చిన కోడల్లా కాకుండా పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలాగా ఉంటుంది. ఆకు పెన్సిల్‌లాగా గుండ్రంగా, దళసరిగా ఉంటుంది. అంటే ఏమిటి? నీళ్ళు దాచుకుంటుంది, ఎండ తట్టుకుంటుంది. కాబట్టి వెలుతురు ఎక్కువ కావాలి. గది మధ్యలో టీపాయి మీద పెడితే ఆకులుంటాయి, పూలుండవు. పగలంతా బాల్కనీలో వేలాడదీయండి, మొగ్గ విచ్చాక సాయంత్రం లోపలికి తెచ్చి భోజనాల బల్ల దగ్గర పెట్టుకోండి. రోజూ తెచ్చి పెట్టడం కష్టమా? మా అత్తగారు రోజూ సాయంత్రం మల్లెమొగ్గలు కోసి తడిగుడ్డలో చుట్టేవారు. దానికన్నా ఇది తేలిక.

ఏమన్నారు? వాసనకి పాములొస్తాయా? మొగలి పొద సంగతి అడుగుతున్నారు కదూ. పాము పువ్వు వాసన కోసం రాదమ్మా. పొద గుబురుగా ఉంటే కప్పలు, ఎలకలు చేరతాయి, వాటి కోసం వస్తుంది. మీది నాలుగో అంతస్తు. లిఫ్ట్ ఎక్కి రాదు.

ఇంకొకటి, దీని పేరు వింటే జాలేస్తుంది. డెండ్రోబియం అనోస్మం. అనోస్మం అంటే వాసన లేనిది అని. 1845లో లిండ్లే అనే ఆయన ఆ పేరు పెట్టాడు, పాపం ఆయనకి దొరికిన మొక్కకి వాసన లేదట. తీరా చూస్తే ఆ జాతి వాసన మామూలు వాసన కాదు. ఐస్‌క్రీం షాపులో రాస్‌బెర్రీ డబ్బా మూత తీసినట్టుంటుంది. ఒక్క చెట్టు పూస్తే కింద అంతస్తువాళ్ళు అడుగుతారు ఏమిటని. నా బ్రసావోలా కథే ఇది కూడా. ఒక్క మొక్కని చూసి తీర్పు చెప్పేశాడు, ఆ తీర్పు 180 ఏళ్ళుగా దాని మెడలో వేలాడుతోంది.

దీనికి ఒక అలవాటుంది. చలికాలంలో ఆకులన్నీ రాల్చేస్తుంది. చచ్చిపోయిందని పారేస్తారు చాలామంది. పారేయకండి! అప్పుడు నీళ్ళు బాగా తగ్గించెయ్యాలి. వారానికోసారి అలా చిలకరిస్తే చాలు. కాడలు ఎండుకట్టెల్లా వేలాడుతుంటాయి. శివరాత్రి దాటాక ఆ బోడి కాడల కణుపు కణుపుకీ ఊదా పువ్వు. మొగ్గ స్పష్టంగా కనపడేదాకా ఆ చిలకరింపుకి మించి నీళ్ళు పోయకండి. జాలిపడి ముందే పోశారో, పువ్వు బదులు పిలకలొస్తాయి. మనకేమో జాలి ఎక్కువ. మొక్కలు పోయేది ఎక్కువగా మన జాలి వల్లే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మన ఇంటి ఆర్కిడ్ గురించి చెప్పకపోతే పాపం. ఇక్కణ్ణించి సామర్లకోట ఎంత దూరం? ఆటోలో వెళ్ళిపోవచ్చు. 1781 నుంచి 1793 దాకా విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు అక్కడ ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కడ తోట వేశాడు, మన మొక్కలకి మనవాళ్ళ చేత బొమ్మలు వేయించాడు. వాటిలో కొన్ని లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా 1795 నుంచి అచ్చయ్యాయి. అందులో ఒక ఆర్కిడ్ ఉంది, ఇప్పుడు దాన్ని వాండా టెస్సలేటా అంటున్నాం. వాండా అనే పేరు ఎక్కడిది? సంస్కృతంలో వందా. చెట్టు మీద పుట్టే చెట్టుకి ఆ పేరు. ప్రపంచమంతా, బ్యాంకాక్‌లో, హవాయిలో, వాండా వాండా అంటున్నారే, అది మన మాట. మన పల్లెల్లో చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనేస్తాం. కానీ అసలు బదనిక చెట్టు రసం తాగుతుంది. ఆర్కిడ్ తాగదు. కొమ్మని పట్టుకుని కూర్చుంటుంది, అంతే. వాననీళ్ళు, గాలి, ఆకుల చెత్త, వాటితోనే బతుకుతుంది. అద్దెకున్నవాళ్ళలాగా అనుకోండి, ఇంటివాళ్ళ వంటింట్లోకి పోదు.

ఈ వాండా పువ్వు పసుపూ గోధుమరంగూ కలిసి, గళ్ళు గళ్ళుగా, నేత చీర అంచులాగా ఉంటుంది. తియ్యటి వాసన. మామిడి చెట్ల మీద పెరుగుతుంది. మన వేడి దీనికి లెక్కే కాదు. దీని దాయాది రింకోస్టైలిస్ రెటూసా, నక్కతోకలాగా వేలాడే పూగుత్తి. అస్సాం రాష్ట్ర పుష్పం అదే. బిహు పండక్కి అక్కడి ఆడపిల్లలు జడలో పెట్టుకుని ఆడతారు. మన తూర్పు కనుమల్లోనూ ఉంది. మనవాళ్ళు ఎవరూ జడలో పెట్టలేదు, ఎందుకో మరి.

కానీ ఒక్క మాట. మారేడుమిల్లి వెళ్ళినప్పుడు చెట్టు మీంచి పీక్కుని రావద్దు. అడవి మొక్క ఇంటికొచ్చాక ఎక్కువగా చచ్చిపోతుంది, పీకేటప్పుడు వేళ్ళు తెగిపోతాయి కాబట్టి. పైగా అడవిలోంచి తేవడం నేరం కూడా. నర్సరీలో పెంచినదే అడగండి. ఇంకోటి, వాండాలు, రింకోస్టైలిస్‌లు గది లోపల పెంచేవి కావు. బాల్కనీ గ్రిల్‌కి వేలాడదీయాలి, వేళ్ళు గాల్లో ఉండాలి. బాల్కనీ లేనివాళ్ళు మర్చిపోండి. చిన్నబుచ్చుకోకండి, బెల్లీనా ఉంది కదా మీకు.

పెంచడం గురించి త్వరగా చెప్పేస్తాను, ఆకలి వేళ అవుతోంది. మట్టిలో పెట్టకండి. మట్టిలో పెడితే ఊపిరాడక వేళ్ళు కుళ్ళుతాయి. బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు. డొక్క అయితే రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టండి, అందులో ఉప్పు ఉంటుంది. నీళ్ళు పొద్దున్నే. ఎప్పుడు పోయాలో వేరు చెప్తుంది. వెండి రంగులో ఉంటే దాహం, పచ్చగా ఉంటే చాలు. ఫెలనాప్సిస్ నడినెత్తిన, అంటే ఆకులన్నీ కలిసేచోట, నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే టిష్యూ పేపరుతో ఒత్తెయ్యండి. వానాకాలంలో ఒక డ్రమ్ము వాననీళ్ళు పట్టి పెట్టుకోండి. ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో నాలుగో వంతు కలిపి, తరచుగా. ఒకేసారి పెద్ద మోతాదు వద్దు.

ఒకటి మాత్రం మన ఇళ్ళకే ప్రత్యేకం. వేసవిలో మామిడికాయలు గడ్డిలో ముగ్గేస్తాం కదా. ఆ గదిలో పూసిన ఆర్కిడ్ పెట్టకండి. పండే పళ్ళలోంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. దానికి పువ్వు ముసలిదైపోతుంది, మొగ్గలు రాలిపోతాయి. మా ఇంట్లో ఒకే రాత్రి పదకొండు మొగ్గలు రాలాయి. దిష్టి తగిలిందని మా అత్తగారు ఎండుమిరపకాయలు తిప్పారు. అసలు దిష్టి మంచం కింద ఉన్న బంగినపల్లి.

కొనేటప్పుడు ఏం చేయాలి అని ఒకావిడ చీటీ పంపారు. మొక్కకి పూర్తి పేరున్న ట్యాగ్ ఉందా చూడండి. "వాసన ఆర్కిడ్" అని రాసి ఉంటే అది పేరు కాదు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో అలాంటిది కొన్నాను. మూడేళ్ళు పెంచాక పూసింది, పొద్దున చూశాను, రాత్రి చూశాను, అర్ధరాత్రి లేచి కూడా చూశాను. ఈసారి నిజంగానే వాసన లేదు. వీలైతే పూసినప్పుడు కొనండి, వాసన చూసి కొనండి. మొగ్గ విచ్చిన మొదటిరోజే తీర్పు ఇవ్వకండి, కొన్నిటికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇంట్లో అందరి ముక్కూ ఒకటి కాదు, మీకు ఘుమఘుమలాడేది మీవారికి అసలు తెలియకపోవచ్చు. తలనొప్పి ఉన్నవాళ్ళుంటే పడగ్గదిలో పెట్టకండి. అగరొత్తి వెలిగించి ఆర్కిడ్ వాసన రావట్లేదనకండి.

చివరికి, అదుగో ఆ బల్ల మీద మాక్సిలేరియా ముక్కలు పదిహేను తెచ్చాను, వేళ్ళతో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక్కటే. మొదటిసారి పెంచేవాళ్ళు ముందు తీసుకోండి, నాలాంటి పాతకాపులు ఆగండి. కిటికీ దగ్గర ఉన్న బ్రసావోలాని నేను ఇప్పుడు ఇంటికి తీసుకెళ్ళను. వాచ్‌మన్ గదిలో పెట్టి వెళ్తున్నాను, ఆయనకి చెప్పాను. ఇప్పుడు టైము పన్నెండు. దానికి ఇంకా డ్యూటీ మొదలవలేదు. నమ్మకం కుదరనివాళ్ళు రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వచ్చి వాసన చూసి వెళ్ళండి.